సింగరేణి బొగ్గు, మండపేట గ్యాస్: ఒకే లోయ కథ

మండపేట చుట్టుపక్కల వరి చేల కింద, కిలోమీటర్ల లోతున ఉన్న ఒక ఇసుకరాయి నుంచి సహజవాయువు పైకి వస్తోంది. వాయువు నిలవ ఉన్నది ఆ ఇసుకరాయిలోనే గానీ, పుట్టింది అక్కడ కాదు. దాని అడుగున బొగ్గు, షేల్ (గట్టిపడిన బురద రాయి) ఒకదాని మీద ఒకటిగా వందల మీటర్ల మందాన పేరుకుని ఉన్నాయి. పశ్చిమ గోదావరి ప్రాంతంలో కొమ్ముగూడెం దగ్గర తవ్విన బావిలో ఈ పొరలను వివరంగా గుర్తించారు కాబట్టి వాటికి కొమ్ముగూడెం ఫార్మేషన్ అనే పేరు వచ్చింది. మండపేట గ్యాస్‌కు పుట్టిల్లు ఆ బొగ్గే. దాని వయసూ, కొత్తగూడెంలో, మంచిర్యాలలో, రామగుండంలో తవ్వే బొగ్గు వయసూ దాదాపు ఒకటే. రెండూ పెర్మియన్ యుగానివి, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటివి.

సింగరేణి అంటే తెలంగాణ బొగ్గు, కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్ అంటే కోనసీమ గ్యాస్ అని రెండు వేర్వేరు సంపదల్లాగా మాట్లాడుకోవడం అలవాటైపోయింది. కంపెనీలు వేరు, మంత్రిత్వ శాఖలు వేరు, ఇప్పుడు రాష్ట్రాలు కూడా వేరు. కానీ భూమి లోపల ఇది ఒకే లోయ. పైభాగంలో బొగ్గు గనికి అందేంత దగ్గరగా మిగిలింది. కిందిభాగంలో అదే బొగ్గు లోతుకు కుంగి, వేడెక్కి, గ్యాస్ అయింది. ఈ సంబంధాన్ని పట్టుకుంటే ఈ ప్రాంతపు ఇంధన వనరుల గురించి చాలా సంగతులు వాటంతట అవే తేటపడతాయి.

లోయ ఎలా ఏర్పడిందో ముందు చూడాలి. దక్కను పీఠభూమి పునాది ఒకే ముక్క కాదు. నైరుతి వైపు ధార్వార్ శిలాఖండం, ఈశాన్యం వైపు బస్తర్ శిలాఖండం. ఈ రెండింటి మధ్య అతుకు వెంబడే ప్రాణహిత, గోదావరి ప్రవహిస్తున్నాయి. ఈ అతుకు చాలా పాతది. వరంగల్ వైపు పాఖాల చెరువు పేరుతో పిలిచే పాఖాల శిలలు వంద కోట్ల ఏళ్లు దాటినవి. అవి కూడా ఈ బలహీన రేఖ వెంటే పేరుకున్నాయి. ఆ తర్వాత, దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట, అదే గీత మళ్లీ విచ్చుకుంది. రెండు వైపులా నేల నిలిచి, మధ్యలో నేల మెట్లు మెట్లుగా దిగబడింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, మహారాష్ట్రలోని వార్ధా లోయ దగ్గర మొదలై ఏలూరు వైపు దాకా సాగే పొడవాటి పగులు లోయ అది.

దిగబడిన ఆ పల్లంలో మొదట చేరింది మంచు మోసుకొచ్చిన రాళ్లు. అప్పటికి భారతదేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉండేది. తాల్చీర్ పొరలు అనేవి ఆ హిమనదాల గుర్తులు: మెత్తని బంకమన్నులో అక్కడక్కడా ఇరుక్కున్న గుండ్లు, గీతలు పడిన గులకరాళ్లు. మంచు కరిగాక చలి నేలల మీద గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్ల అడవులు పెరిగాయి. నదులు ఆ అడవుల చెత్తను పల్లపు చిత్తడిలోకి తెచ్చి పోశాయి, దాని మీద ఇసుక కప్పాయి, లోయ ఇంకొంచెం కుంగింది, మళ్లీ చిత్తడి, మళ్లీ ఇసుక. ఇలా ఏర్పడిన బరాకర్ పొరల్లోనే సింగరేణి బొగ్గులో ప్రధాన భాగం ఉంది. నీళ్లు మట్టినీ చెట్లనూ కలిపి తెచ్చినందువల్ల గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ. ఇది గని నడిపేవాళ్ల లోపం కాదు, 28 కోట్ల ఏళ్ల కిందటి నదుల పని. పవర్‌ప్లాంట్ల పక్కన కొండల్లా పెరిగే బూడిదకు మూలం అక్కడుంది.

గోండ్వానా అనే మాట కూడా ఈ లోయ పరిసరాలదే. గోండుల దేశం నుంచి ఆ పేరు తీసుకుని 1870లలో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఈ పొరల వరుసకు పెట్టారు. తర్వాత అదే పేరు ఒక మహాఖండానికే ఎక్కింది. ఆ దశాబ్దం మొదట్లోనే సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరను గుర్తించారు. అక్కడి ప్రధాన పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు. 1881లో ఆయన ప్రాణహిత–గోదావరి లోయ మీద పూర్తిస్థాయి నివేదిక వెలువరించారు. డ్రిల్లింగ్ దాదాపు లేని రోజుల్లో, కాలినడకన వాగుల వెంట రాళ్ల వాలు కొలుచుకుంటూ గీసిన పటాలవి. పొరలు ఎటు వాలితే బొగ్గు ఎటు లోతుకు పోతుందో ఆయన వేసిన గీతల నుంచే తర్వాతి తరాలు లెక్క మొదలుపెట్టాయి. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. ఇప్పుడు దానిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

లోయ నైరుతి అంచున పొరలు బయటికి తేలి కనిపిస్తాయి. అక్కడి నుంచి ఈశాన్యంగా, లోయ నడుముకేసి వాలిపోతాయి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం, భూపాలపల్లి గనులు ఆ అంచు వెంట వరుసగా ఉండటానికి కారణం ఇదే. పొర తేలిన చోట ఓపెన్‌కాస్ట్ పెడతారు. వాలు వెంట లోతుకు వెళ్లేకొద్దీ పైన తీసి పోయాల్సిన ఓబీ మట్టి పెరిగి, ఒక టన్ను బొగ్గు కోసం ఎన్ని ఘనపు మీటర్ల మట్టి ఎత్తాలన్న లెక్క గిట్టుబాటు కాకుండా పోతుంది. అక్కడ ఇంక్లైన్లు (వాలు సొరంగాలు), షాఫ్టులు (నిలువు బావులు) మొదలవుతాయి. పైగా పగులు లోయ కావడంతో అడుగడుగునా ఫాల్టులు, అంటే రాయి విరిగి పక్కకు జరిగిన చోట్లు. ముందుకు తవ్వుతున్న ఫేస్ (బొగ్గు కోసే చోటు) ఉన్నట్టుండి రాతిగోడకు తగులుతుంది. పొర పదుల మీటర్లు పైకో కిందికో జరిగి ఉంటుంది. బొగ్గును పొడవాటి గోడలా ఒక వరుసన కోసుకుపోయే లాంగ్‌వాల్ యంత్రాలు సాఫీగా నడవాలంటే విరగని, విశాలమైన పలకలాంటి పొర కావాలి. ఈ లోయలో అలాంటి పలకలు దొరకడమే కష్టం. రామగుండం దగ్గరి అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ ప్రాజెక్టులకు ముందు అంత దట్టంగా బోర్‌హోళ్లు వేసి, ఫాల్టుల పటం గీసుకోవాల్సి రావడం అందుకే.

బొగ్గు లెక్క చెప్పేటప్పుడు రెండు అంకెలు కలిసిపోకుండా చూసుకోవాలి. గోదావరి లోయలో 1,200 మీటర్ల లోతు వరకు లెక్కించిన బొగ్గు మొత్తం రెండు వేల కోట్ల టన్నులు దాటుతుంది. సింగరేణి 2023–24లో తవ్వినది ఏడు కోట్ల టన్నులు. రెంటినీ భాగిస్తే దాదాపు మూడు వందల ఏళ్లకు సరిపోతుందని తేలుతుంది, అలా రాసేవాళ్లూ ఉన్నారు. ఆ భాగహారం తప్పుదారి పట్టిస్తుంది. మొత్తంలో ఒక భాగమే దగ్గర దగ్గరగా వేసిన బోర్‌హోళ్లతో రుజువైంది. మిగిలినదంతా దూర దూరంగా ఉన్న బావుల మధ్య గీసిన ఊహా రేఖల మీద ఆధారపడింది. రుజువైన దానిలోనూ ఊళ్ల కింద, గోదావరి కింద, అడవుల కింద, ఫాల్టుల మధ్య చిక్కుకున్నది తీయడానికి రాదు. భూగర్భ గనుల్లో పైకప్పు నిలబడటానికి వదిలే స్తంభాల్లోనే చాలా బొగ్గు ఉండిపోతుంది. 600, 800 మీటర్ల లోతున ఉన్న పొర భూగర్భ శాస్త్రవేత్తకు నిక్షేపమే; గని మేనేజరుకు అది వేడి, గాలి, రాతి ఒత్తిడి తెచ్చే మరో సమస్య.

ఇక కిందికి రావాలి. సత్తుపల్లి దాటి ఆగ్నేయంగా వచ్చేకొద్దీ లోయ వయసులో చిన్నవైన పొరల కింద మునిగిపోతుంది. ఏలూరు పరిసరాల్లో మరో గీత దీన్ని అడ్డంగా కోస్తుంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు తూర్పు తీరం వెంట, ఈశాన్యం–నైరుతి దిశలో, కొత్త పగుళ్లు వచ్చాయి. పాత లోయ సముద్రం వైపు అడ్డంగా తెగి, ముక్కలు ముక్కలుగా కుంగింది. కైకలూరు, తణుకు, బాపట్ల గట్లు అనేవి ఆ కుంగుబాటులో నిలిచిపోయిన దిమ్మెలు; వాటి మధ్య బంటుమిల్లి, గుడివాడ, పశ్చిమ గోదావరి పల్లాలు. పైన చూస్తే ఇదంతా సమతలమైన వరి నేల. కింద ఒక దిమ్మె మీద వేసిన బావికీ, పక్క పల్లంలో వేసిన బావికీ పునాది రాయి లోతులో కిలోమీటర్ల తేడా ఉంటుంది.

బొగ్గు గ్యాస్‌గా మారే తీరు ఇక్కడ మొదలవుతుంది. భూమిలో కిలోమీటరు దిగితే సగటున 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున రాయి 130 నుంచి 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెట్ల ఆకులు, కాడలు, కలప నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఆ వేడికి ప్రధానంగా మీథేన్‌ను విడుస్తుంది. సముద్రపు నాచులాంటి కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థమైతే ముందు చమురు ఇస్తుంది. అందుకు 60 నుంచి 120 డిగ్రీల మధ్య వేడి సరిపోతుంది. రాయి ఎంత ఉడికిందో కొలవడానికి ప్రయోగశాలలో బొగ్గు ముక్కను నునుపుగా సానబట్టి, అందులోని విట్రినైట్ కణాలు ఎంత వెలుతురు తిరిగి పంపుతున్నాయో చూస్తారు. ఉడికిన కొద్దీ మెరుపు పెరుగుతుంది. గని బొగ్గులో ఆ మెరుపు తక్కువ, డెల్టా అడుగున ఉన్న బొగ్గులో ఎక్కువ. తేడా అంతా ఎంత లోతున, ఎంతకాలం ఉందన్న దానిలోనే.

మండపేట ఇసుకరాయి ఆ గ్యాస్‌ను పట్టి ఉంచినా సులువుగా వదలదు. రేణువుల మధ్య ఖాళీలు సన్నగా, మూసుకుపోయినట్లు ఉంటాయి. అందుకే ఈ ప్రాంతపు కొన్ని బావుల్లో నీటిని తీవ్ర ఒత్తిడితో పంపి రాయిలో పగుళ్లు తెరిచే పద్ధతి వాడారు. దాని పర్యవసానాలపై గ్రామాల్లో భయాలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. తాగునీటి పొరకూ గ్యాస్ పొరకూ మధ్య కిలోమీటర్ల మందాన రాయి అడ్డుంటుంది. అసలు ప్రమాదం ఆ రాయిలో కన్నా బావి గొట్టం చుట్టూ పోసిన సిమెంటు నాణ్యతలో, పైన వ్యర్థ జలాన్ని ఎక్కడ వదులుతున్నారన్న దానిలో ఉంది. ఊరి బోరు నీటిని పని మొదలుకాక ముందూ తర్వాతా పరీక్షించి, ఫలితాలు పంచాయతీ ఆఫీసులో అంటించడం పెద్ద ఖర్చయ్యే పని కాదు.

డెల్టాలో బొగ్గు పుట్టిల్లుగా ఉన్న గ్యాస్ ఒక రకం మాత్రమే. దాని మీద క్రెటేషియస్ కాలపు (సుమారు 14 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి) రాఘవాపురం షేల్ ఉంది. సముద్రం మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు పేరుకున్న నల్లటి బురద అది. దాని మీద తిరుపతి ఇసుకరాయి. ఆ పైన, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలు. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి వైపు క్వారీల్లో నల్లరాయిగా తవ్వేది ఇదే. పశ్చిమ కనుమల వైపు పుట్టిన లావా దక్కను అంతా దాటి ఇక్కడికి పారి వచ్చిందనీ, ఆ ప్రయాణం వెయ్యి కిలోమీటర్లకు పైబడిందనీ దాని రసాయన గుణాలు, అయస్కాంత దిశ పోల్చి చూసిన పరిశోధకులు వాదించారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. సీస్మిక్ సర్వే చేసేవారికి మాత్రం ఇదొక తలనొప్పి. నేల మీద నుంచి పంపిన ధ్వని తరంగాల్లో ఎక్కువ భాగం ఈ గట్టి పొర దగ్గరే తిరిగి వచ్చేస్తుంది. దాని కింద ఏముందో మసకగా కనిపిస్తుంది. పాత గోండ్వానా పొరల గురించి డెల్టాలో ఇంకా అసంపూర్ణంగానే తెలియడానికి ఇదొక కారణం.

లావా మీద సముద్రపు బంకమన్నులు, సున్నపురాళ్లు, నదీ ఇసుకలు వేగంగా పేరుకున్నాయి. ఓఎన్‌జీసీ 1970ల చివర నర్సాపురం దగ్గర మొదటి అన్వేషణ బావి వేసింది. తర్వాతి దశాబ్దంలో రాజోలు, తాటిపాక, పాశర్లపూడి వంటి పేర్లు వరుసగా గ్యాస్ పటంలోకి ఎక్కాయి. మట్టి వేగంగా పేరుకున్న చోట బంకమన్నులోని నీరు బయటికి పోయే సమయం దొరకదు; పైబరువును ఆ నీరే మోస్తుంది, లోపల అసాధారణ ఒత్తిడి నిలిచిపోతుంది. తవ్వేటప్పుడు బావిలోకి పంపే డ్రిల్లింగ్ బురద బరువును ఆ ఒత్తిడికి సరిగ్గా సరిపోల్చడం కేజీ బేసిన్‌లో ప్రతి బావికీ కత్తిమీద సాము. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి నుంచి గ్యాస్ ఎగదన్ని అంటుకున్న మంట 65 రోజుల పాటు ఆరలేదు. ఆ వెలుగు చూసిన తరం కోనసీమలో ఇప్పటికీ ఉంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండోది భూగర్భపు తప్పు కాదు, పైన నడిచే వ్యవస్థది. ఈ రెంటినీ విడిగా చూడటం అవసరం: ఒకదానికి విరుగుడు లోతు రాయి గురించిన మెరుగైన జ్ఞానం, మరోదానికి విరుగుడు తుప్పు పట్టిన గొట్టం వేళకు మార్చడం.

సముద్రంలో కథ మళ్లీ మారుతుంది. 1987లో ఓఎన్‌జీసీ కనుగొన్న రవ్వ క్షేత్రం మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి) ఇసుకల్లో చమురు ఇచ్చింది. 2002లో రిలయన్స్ ప్రకటించిన కేజీ–డీ6 లోతు సముద్రపు గ్యాస్ మూలం వేరు. అక్కడి ఇసుకలు కేవలం కొన్ని పదుల లక్షల ఏళ్లవి. ఉడికేంత లోతు లేదు. ఆ మీథేన్‌ను ప్రధానంగా తయారుచేసింది సముద్రపు అడుగు బురదలోని సూక్ష్మజీవులు. అంటే మండపేట గ్యాస్‌ను బొగ్గు చేసింది, డీ6 గ్యాస్‌ను జీవులు చేశాయి. స్టవ్ మీద రెండూ ఒకేలా మండుతాయి గానీ వాటిని వెతికే పద్ధతి, తీసే పద్ధతి వేరు.

డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుందన్న ప్రణాళిక మీద నమ్మకంతో గోదావరి జిల్లాల్లో, కృష్ణాలో గ్యాస్ పవర్‌ప్లాంట్లు లేచాయి. 2010లో ఉత్పత్తి 60 దాటి, ఆ తర్వాత ఏటేటా పడిపోయింది. కొన్నేళ్లకే పదికి దిగువకు వచ్చింది. మొదటి రెండు క్షేత్రాలు డీ1, డీ3 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. తగినన్ని బావులు వేయలేదన్నది నియంత్రణ సంస్థ వాదన. రిజర్వాయరు, అంటే గ్యాస్ నిలవ ఉన్న రాయి, అనుకున్నట్లు లేదు, నీరూ ఇసుకా లోపలికి వచ్చాయన్నది కంపెనీ వాదన. ఎవరిది ఎంత నిజమన్నది పక్కనపెట్టినా రాయి చెప్పే సంగతి ఒకటుంది. ఈ గ్యాస్ ఉన్నది సముద్రపు అడుగున పాములా మెలికలు తిరిగిన పాత ఇసుక కాలువల్లో. సీస్మిక్ చిత్రంలో అవి ఒకే చెరువులా వెలుగుతాయి. లోపల బంకమన్ను గోడలతో గదులు గదులుగా తెగి ఉంటే, ఒక గదిలో వేసిన బావి పక్క గదిని ఖాళీ చేయలేదు. 2020 చివరి నుంచి అదే డీ6 బ్లాకులో ఆర్ క్లస్టర్, శాటిలైట్ క్లస్టర్, ఎంజే క్షేత్రాలు వరుసగా మొదలై ఉత్పత్తి రోజుకు 30 మిలియన్ ఘనపు మీటర్ల దాకా మళ్లీ లేచింది. ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న తొలి చమురు వచ్చింది.

కేజీ తీర సముద్రంలోనే ఉన్న దీన్‌దయాళ్ క్షేత్రం ఇంకా పెద్ద పాఠం. 2005లో గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం సంస్థ అక్కడ 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. తర్వాతి లెక్కల్లో అది పదో వంతు దాకా కుదించుకుపోయింది. రాయి బిగుతు, లోతు ఎక్కువ, వేడీ ఒత్తిడీ తీవ్రం. చివరికి ఆ వాటాను 2017లో ఓఎన్‌జీసీ కొనుక్కుంది. బొగ్గు విషయంలో మూడు వందల ఏళ్ల భాగహారం చేసే పొరపాటూ, ఇదీ ఒక్కటే: భూమిలో ఉన్నదాన్ని చేతికి వచ్చేదిగా లెక్కేయడం. ఒకటో రెండో బావులతో దొరికిన అంకెను ప్రభుత్వాలు, పత్రికలు పట్టుకుని పరుగెత్తినప్పుడల్లా నష్టపోయింది కరెంటు బిల్లు కట్టేవాళ్లే.

ఇంకా దూరంలో గ్యాస్ హైడ్రేట్లు ఉన్నాయి, అంటే నీటి మంచులో చిక్కుకున్న మీథేన్. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక కేజీ తీరంలో పగుళ్లు పడిన బంకమన్నులో 130 మీటర్ల మందాన హైడ్రేట్ పొరను కనుగొంది. 2015లో చిక్యూ నౌకతో చేసిన రెండో అన్వేషణలో ఇసుకల్లో కూడా దొరికాయి. తీయాలంటే బంకమన్ను కన్నా ఇసుకే మెరుగు. వాణిజ్య ఉత్పత్తి మాత్రం ప్రపంచంలో ఎక్కడా ఇంకా లేదు కాబట్టి దీన్ని నిల్వల పద్దులో రాయకపోవడమే మంచిది.

లోయ చచ్చిన పగులు కాదని గుర్తు చేసే సంఘటనలు కూడా ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మణుగూరు దగ్గర పగిడేరులో అన్వేషణ కోసం వేసిన బోరు నుంచి వేడినీళ్లు ఎగజిమ్మాయి. ఆ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం కూడా పెట్టారు. కరెంటు కొద్దిపాటిదే. కానీ లోతున నీరు పగుళ్ల వెంట ఎలా తిరుగుతోందో, రాయి ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది. కిందిభాగంలో బొగ్గు ఎంత ఉడికిందో లెక్కించేవారికి ఈ సమాచారం నేరుగా పనికొస్తుంది.

అందుకే అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చోటు గనుల దగ్గరా కాదు, గ్యాస్ బావుల దగ్గరా కాదు. మధ్యలో ఉన్న చింతలపూడి ప్రాంతం. ఆంధ్రప్రదేశ్ ఖాతాలో రాసుకునే బొగ్గు ప్రధానంగా ఇక్కడిదే. చాలావరకు లోతున ఉంది. ఓపెన్‌కాస్ట్‌కు అందదు, గ్యాస్ కంపెనీలు చూసే లోతుకు ఇంకా దిగలేదు. అదే పొర సత్తుపల్లిలో బొగ్గుగా, మండపేటలో గ్యాస్‌గా ఉంటే, ఈ మధ్య దారిలో ఎక్కడ ఎంత లోతున ఆ మార్పు మొదలవుతుంది? బొగ్గులోనే ఇంకా పట్టుకుని ఉన్న మీథేన్ ఎంత? సమాధానానికి కావలసిన సమాచారం కొంత ఇప్పటికే ఉంది. బొగ్గు బోర్‌హోళ్ల కోర్‌లు (బోరు నుంచి తీసిన రాతి కడ్డీలు) ఒక చోట, చమురు బావుల లాగ్‌లు (లోతు వెంట రాయి గుణాలు కొలిచిన రికార్డులు), సీస్మిక్ రేఖలు మరోచోట. చమురు సమాచారానికి 2017లో నేషనల్ డేటా రిపాజిటరీ తెరిచారు. ఖనిజ సమాచారానికి 2023 డిసెంబరులో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ వచ్చింది. ఒకటి పెట్రోలియం శాఖది, ఒకటి గనుల శాఖది. కొత్తగూడెం నుంచి మండపేట దాకా ఒకే అడ్డుకోత పటం గీయాలనుకునే పరిశోధక విద్యార్థి ఈ రెండు గుమ్మాలూ ఎక్కి, బొగ్గు కంపెనీ తలుపు కూడా తట్టాలి.